పడుకున్న మనిషికి తీసిన కొలత

తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ చేయించుకుని, మూడు వారాలుగా మంచం మీదే ఉన్నాను. మా కోడలు మంచిపిల్లే గానీ తొందర మనిషి. చీరతో ఇబ్బంది పడుతున్నానని నాకు పైజామాలు తెప్పించాలనుకుంది. ఈ కాలంలో అదేమంత పని, ఫోనులో బొమ్మ చూసి వేలితో తడితే రెండు రోజుల్లో గుమ్మం ముందుకు వస్తాయి. కాకపోతే పొడవు ఎంతో చెప్పాలట. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో టేపు పట్టుకుని వచ్చి, "మీరు కదలొద్దత్తయ్యా, పడుకునే ఉండండి, నేను కొలుచుకుంటాను" అంటూ టేపు కొస నా నడుము దగ్గర పెట్టింది. డాక్టరు ఏం చెప్పాడో, కుట్లు ఎక్కడున్నాయో అన్నీ మరిచిపోయి మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాను. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. ఆ పిల్ల హడలిపోయి టేపు వదిలేసింది. "నిలబడ్డాను కదా, ఇప్పుడు కొలుచుకో" అన్నాను. ఎందుకత్తయ్యా అని అడిగితే రక్తప్రసరణ అనో ఏదో అన్నాను. అసలు సంగతి చెప్పాలంటే నంద్యాలలో మా పాత ఇంటి పంచ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆ పిల్లకు అంత తీరిక లేదు. నాకిప్పుడు తీరికే తీరిక.

ముందే ఒక మాట. నేను దయ్యాలను నమ్మను. ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. భయపడతాను, అది వేరే సంగతి. రాయబోయే దానికి నా దగ్గర సైన్సు లేదు, ప్రార్థనలో కూడా జవాబు దొరకలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకప్పుడు పన్నెండేళ్లు. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు, చర్చిలో సంఘపెద్ద. చర్చి వెనక సందులో మా ఇల్లు. నాపరాళ్ల నేల, నాపరాళ్ల కప్పు, ముందర పొడవాటి పంచ. గడప దాటితే లోపల రెండు గదులు, వెనక వంటిల్లు. ఇంట్లో నేను, అమ్మ, నాయన, నాయనను కన్న అవ్వ. పొద్దున లేస్తే ఇల్లంతా అవ్వ పీల్చే నశ్యం వాసన, ఆ తర్వాత అమ్మ జొన్నరొట్టెలు కాల్చే వాసన. అవ్వ కీర్తనలు పాడుకుంటూనే అందరికీ పనులు పురమాయించేది. పల్లవికీ చరణానికీ మధ్య "నీళ్లు తోడినావా మే" అనేది. సాయంత్రం సంగటి కెలికాక ఒక ముద్ద తీసి గిన్నెలో పెట్టి మూత వేసేది. అది చిన్నాయన ముద్ద. చిన్నాయన ఇంట్లో లేడు. పొద్దున్నే ఆ ముద్దను మజ్జిగలో పిసుక్కుని అవ్వే తాగేది. రెండేళ్లుగా ఒక్క సాయంత్రం కూడా ఆ గిన్నె తప్పలేదు. నాయన దాన్ని చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు.

చిన్నాయన పేరు దానియేలు. ఎనిమిదేళ్లప్పుడు బండి మీద నుంచి పడి ఎడమకాలు విరిగితే, కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు. కాలు అతుక్కుంది గానీ రెండు వేళ్లంత పొట్టిగా ఉండిపోయింది. ఎగిరెగిరి నడిచేవాడు. చేతులు మాత్రం బంగారం. చర్చిలో హార్మోనియం వాయిస్తే పాట రానివాళ్లకు కూడా పాట వచ్చేది. నాయన ఆయన్ను చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిని చేయాలని చాలా ఆశపడ్డాడు. చిన్నాయనేమో ఆళ్లగడ్డలో పద్యనాటకాలాడే వాళ్లతో కలిసి, పౌరాణికాలకు హార్మోనియం వాయిస్తానని వెళ్లిపోయాడు. సంఘపెద్ద తమ్ముడు కృష్ణుడి పద్యాలకు శ్రుతి పట్టడం నాయనకు తల తీసేసినట్టయింది. "మళ్లా ఈ గడప తొక్కొద్దు. నేను పిలిస్తే తప్ప రావద్దు" అన్నాడు, అవ్వ ముందరే. చిన్నాయన కూడా తక్కువవాడు కాదు. "నువ్వు పిలిస్తేనే వస్తాలే అన్నా" అని హార్మోనియం భుజానికెత్తుకుని పోయాడు. అన్నదమ్ములిద్దరికీ మాట మీద నిలబడే జబ్బు ఉంది. ఆ జబ్బు కొంచెం నాకూ వచ్చింది.

ఆ ఏడు బడిలో కుట్టుపని టీచరమ్మ, ఈస్టరుకు ఇంట్లోవాళ్లలో ఎవరికైనా తొడుక్కునే బట్ట ఒకటి చేత్తో కుట్టి కానుకగా ఇవ్వమంది. మిషను తాకకూడదు, ఇచ్చేదాకా వాళ్లకు తెలియకూడదు. తక్కిన పిల్లలు చెల్లెళ్లకు లంగాలు, గౌన్లు అనుకున్నారు. నేను నాయనకు పైజామా అనుకున్నాను. నాయన కట్టేది పంచె, ఎక్కేది సైకిలు. వారానికి ఒకసారైనా పంచె అంచు చైనులో పడి నల్లటి మరక అయ్యేది. అమ్మ ఆ మరక ఉతుకుతూ సైకిలును, దాన్ని కనిపెట్టినవాణ్ణి, చివరకు నాయననూ తిట్టేది. పైజామా అయితే ఆ గొడవే ఉండదని నా తెలివి. అమ్మ నీలం గీతల గుడ్డ కొనిచ్చింది. మా ఇంట్లో పాత పైజామా ఒకటీ లేదు, చూసి కత్తిరించడానికి. అందుకని పక్కింటి ఖాసింబీ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను.

ఖాసింబీ పెద్దమ్మ వీధిలో అందరికీ బట్టలు కత్తిరించి కుట్టేది. ఆమెకు టేపు మీద అంకెలు చదవడం రాదు. ఆమె టేపల్లా పురికొస. "నడుం ఎంతున్నా బాధ లేదు పాపా, నాడా బిగిస్తే సరిపోతాది. కాలు పొడుగు ఒకటి సరింగా తేవాల. నడుం ఎముక కాడ తాడు కొస పెట్టి, చీలమండ కాడ ముడెయ్యి. కుడికాలికి ఒంటిముడి, ఎడమకాలికి జంటముడి. రెండు కాళ్లూ కొలవాల, మరిచిపోవాకు. ఎవురికీ రెండు కాళ్లు సమంగా ఉండవు, నేను శానామందిని చూసినా" అంటూ నా చేతిలో పురికొస పెట్టింది.

ఇక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరైనా చనిపోతే శవపెట్టె చేసే వడ్లాయన వచ్చేవాడు. ఎవరితోనూ మాట్లాడకుండా, పడుకోబెట్టిన మనిషి పక్కన తాడు పరిచి, కొలిచి, ముడి వేసుకుని పోయేవాడు. పని అయ్యాక ఆ తాడును కూడా పెట్టెలోనే వేసేవాళ్లు. అందుకని పడుకున్న మనిషికి తాడు పెట్టడం మా ఇళ్లల్లో లేదు. ఉయ్యాల్లో నిద్రపోయే పసిబిడ్డకు చొక్కా కుట్టాలన్నా అవ్వ బిడ్డను లేపి, ఏడిపించి, ఎత్తి నిలబెట్టించి కొలిపించేది. ఈ సంగతి నాకు తెలియదని కాదు. మధ్యాహ్నం కునుకు నిద్ర కింద లెక్కకు రాదనుకున్నాను. నిలబెట్టి కొలిస్తే కానుక సంగతి నాయనకు తెలిసిపోతుంది మరి.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు, శనివారం. ఒంటిపూట బడి. అమ్మ స్త్రీల ప్రార్థనకు వెళ్లింది. అవ్వ లోపలి గదిలో పడుకుని ఉంది. నేను బడి నుంచి వచ్చేసరికి పంచలో నాయన మంచం మీద నాయన పడుకుని ఉన్నాడు. రోజూ ఆ వేళకు ఒక గంట అలా వాలడం ఆయన అలవాటు. ముఖం మీద తువ్వాలు, మోకాళ్ల దాకా దుప్పటి. ఎండ మండిపోతోంది, సందులో కుక్క కూడా లేదు. నాయన గురక పెడితే సందు చివరికి వినపడేది. ఆరోజు గురక లేదు. నిద్ర బాగా పట్టింది, నా అదృష్టం అనుకున్నాను గానీ, గురక లేకుండా ఆయన నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదన్న ఆలోచన రాలేదు.

మోకాళ్ల మీద కూర్చుని కుడికాలు కొలిచాను. నడుము దగ్గర తాడు కొస, చీలమండ దగ్గర ఒంటిముడి. పాదాలకు తెల్లటి దుమ్ము పట్టి ఉంది. వేళ్లు తగిలితే పాదం చల్లగా ఉంది. నీళ్లు పోసుకుని పడుకున్నాడేమో అనుకున్నాను. పోసుకుంటే దుమ్మెందుకుంటుందని ఇప్పుడు అడగగలను, అప్పుడు అడగలేదు. ఎడమ వైపు వెళ్లాను. ఆ కాలు కొంచెం మడిచి ఉంది. ఎలా కొలవాలా అని తాడు పట్టుకుని అలాగే కూర్చుంటే, నేను ముట్టుకోకుండానే ఆ కాలు మెల్లగా చాపుకుంది. నిద్రలో ఉన్న మనిషి నాకు సాయం చేశాడు. లేచాడేమోనని ఊపిరి బిగబట్టాను. తువ్వాలు కదల్లేదు. జంటముడి వేసుకుని, ఖాసింబీ పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. చర్చికి పోయి ఉంటాడనుకున్నాను. చీకటి పడేవేళకు నాయన ఇంటికి వచ్చాడు, ఎవరితోనూ మాట్లాడలేదు, ఆకలి లేదని అన్నం కూడా తినలేదు.

ఖాసింబీ పెద్దమ్మ తాడును గుడ్డ మీద పరిచి, ముడులు చూసి, సుద్దముక్క కింద పెట్టింది. "ఇదేంది పాపా, ఎడమకాలు రెండు వేళ్లు తక్కువుండాది. మీ నాయన కుంటడా?"

"కాదు పెద్దమ్మా."

"మరి సరింగా కొలువు పో మళ్లా."

"సరిగ్గానే కొలిచినా. మళ్లా పెడితే లేస్తాడు, కానుక సంగతి తెలిసిపోతాది."

ఆమె నా వంక చూసింది, తాడు వంక చూసింది. తాడును కాదని తన కళ్లను నమ్మి కత్తిరించే అలవాటు ఆమెకు లేదు. "తాడు ప్రకారమే కోస్తాండా. తర్వాత నన్ననొద్దు" అని కత్తిరించి ఇచ్చింది. చిన్నాయన కాలు ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. రెండేళ్లయింది చూసి. పైగా నేను కొలిచింది నాయనను.

ఈస్టరు ముందరి శ్రమవారమంతా బడికి సెలవు. రోజూ అన్నం తిన్నాక ఖాసింబీ పెద్దమ్మ ఇంట్లో కూర్చుని కుట్టాను. ముందు పరుగు కుట్టు, దాని మీద వెనక కుట్టు, అంచు మడిచి మళ్లీ కుట్టు. కొత్త గుడ్డ గంజి వాసన, సూది కొన మీద చెమట, వేలికి అడుగడుక్కీ పోటు. నా చెమటకు సూది తుప్పు పడుతుందని ఆమె నా అరచేతుల్లో బూడిద రాసేది. కుడికాలు మామూలుగానే సాగింది. ఎడమకాలు కుడుతున్నప్పుడు మాత్రం ఎవరో ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టుండేది. తలెత్తితే గోడ. ఒకరోజు సగం కుట్టిన పైజామాను దండెం మీద వేసి నీళ్లు తాగడానికి లేచాను. ఆకు కదలని మధ్యాహ్నం. ఎడమకాలు ఒక్కటే ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఖాసింబీ పెద్దమ్మ కూడా చూసింది. దాన్ని తీసి మడిచి తన పెట్టెలో పెట్టి, "ఈ పొద్దుకు చాలు, ఇంటికి పో" అంది. ఆ సందులో అందరికన్నా ధైర్యస్థురాలు ఆమే. ఆమే పంపేసిందంటే ఇక నేను వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాను.

ఈస్టరు ఆరాధన అయ్యాక, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు నాయనకు కానుక ఇచ్చాను. నాయన నవ్వి, పంచె మీదనే తొడుక్కుని లేచి నిలబడ్డాడు. కుడికాలు చీలమండ మీద సరిగ్గా ఆగింది. ఎడమకాలు పైన వేలాడుతోంది. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. "తాడు సరిగ్గానే పెట్టినా" అన్నాను. అవ్వ నవ్వలేదు. లేచి వచ్చి, నాయన ఎడమకాలి దగ్గర కూర్చుని, పైజామా అంచుకూ చీలమండకూ మధ్య రెండు వేళ్లు పెట్టి చూసింది. సరిగ్గా పట్టాయి.

"ఎవురిని కొలిచినావు మే?" అంది.

"నాయననే అవ్వా. పంచలో పండుకోనుంటే కొలిచినా."

"పండుకున్నప్పుడా?" అవ్వ పైజామా అంచు వదిలేసింది. "ఏ పొద్దు?"

"మట్టల ఆదివారం ముందు శనివారం."

నాయన పైజామా విప్పుతున్నవాడు ఆగిపోయాడు. "ఆ శనివారం నేను మధ్యాన్నం ఇంట్లో ల్యా. శిరివెళ్లకు పోయింటిని" అన్నాడు. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వచ్చినా అమ్మ కదల్లేదు.

అవ్వే ముందుగా మాట్లాడింది. "నా కొడుకు వచ్చిపోయినాడు. గడప తొక్కొద్దంటివి, తొక్కలే. పంచలోనే పండుకోని పోయినాడు." తర్వాత నా చేయి గట్టిగా పట్టుకుంది. "పండుకున్నోనికి తాడు పెట్టినావు గదే. పెట్టె చేసేటోడు పెట్టే తాడు పెట్టినావు." నా తల మీద అవ్వ వేసిన దెబ్బ అదొక్కటే, అది కూడా చేత్తో కాదు, మాటతో. ఆమె దగ్గర దానికి విరుగుడు కూడా ఉంది. అతన్ని వెతికి పట్టుకుని, నిలబెట్టి, మళ్లీ కొలవాలి. నిలబడ్డ కొలత తీస్తే పడుకున్న కొలత చెల్లదు. "నాయనా, బేగా పో. ఆళ్లగడ్డకు పోయి తమ్మున్ని పిలుచుకోని రా" అని నాయనను అడిగింది. కొడుకును బతిమాలడం ఆమెకు అలవాటు లేదు.

నాయన పైజామా మడిచి మంచం మీద పెట్టాడు. "కుట్టు రాక పాప చెడగొట్టింది. దానికి ఇంత కథెందుకు? వాడు బాగనే తిరుగుతాంటాడు. నేను పోను" అన్నాడు. బాగానే తిరుగుతుంటాడని అంత గట్టిగా ఎలా అన్నాడో నాకు చాలా ఏళ్లదాకా తెలియలేదు.

మర్నాడు అవ్వ నన్ను తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. పైజామా, నేను కొలిచిన పాత తాడు, ఇంకో పురికొస కట్టిన మూట ఆమె ఒళ్లో. దారిలో ఉన్న శిరివెళ్ల దాటేదాకా కీర్తన పాడింది, దాటాక మానేసింది. నాకు మాత్రం లోపల ఒకటే మాట తిరుగుతోంది, చిన్నాయన చచ్చిపోతే నేను చంపినట్టే. పన్నెండేళ్లకు ఆ బరువు ఎలా ఉంటుందో ఇప్పుడు చెప్పలేను. కిటికీ పక్కన కూర్చుని కూడా బయట ఏముందో చూడలేదు.

నాటకం వాళ్లను అడిగితే ఒక ఇల్లు చూపించారు. ఇంటామె పేరు నాగమ్మ. వీధివైపు గది చిన్నాయనకు ఇచ్చింది. గదిలో ఒక మంచం, గుడ్డ చుట్టిన హార్మోనియం. మంచం మీద చిన్నాయన ఎముకల మూటగా ఉన్నాడు. అవ్వను చూసి లేవబోయి లేవలేకపోయాడు. బతికే ఉన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను.

అవ్వ కొడుకు తల నిమిరి, గుమ్మంలో నిలబడ్డ నాగమ్మను అడిగింది. "అమ్మా, పోయిన వారం ముందు శనివారం వీడు నంద్యాలకు వచ్చినాడా?"

నాగమ్మ వింతగా చూసింది. "యాడికి పోతాడమ్మా? అప్పటికే జరం ముదిరి పది దినాలాయ, మంచం దిగింది ల్యా. ముంతలో పోసుకొచ్చి గంజి నేనే తాపిస్తాండ. ఆ పొద్దు నాకు బాగా గుర్తుండాది, శనివారం నాకు ఒక్కపొద్దు. పొద్దున గంజి తాపిచ్చి గుడికి పోయి, మధ్యాన్నం దాటినాంక వస్తి. ఇట్లనే, ఈడనే ఉన్యాడు. ఒళ్లు మాత్రం మంచులాగుండె. పాదాలకు ఏందో దుమ్ముంటే నేనే తుడిస్తి."

చిన్నాయన కళ్లు నా వైపు తిరిగాయి. "పాపా, నువ్వేనా ఇంత పెద్దదయింది?" అన్నాడు. కాసేపాగి, తనలో తాను చెప్పుకున్నట్టు, "ఒక మధ్యాన్నం మన పంచలో పండుకున్నట్లు కలొచ్చె. శానా హాయిగుండె. ఎవురో పిల్ల నా కాళ్ల కాడ కూసోని ఏందో చేస్తాండె. దానికి అందాలని కాలు చాపితి" అన్నాడు. నాగమ్మ గదిలో ఎండ పడుతోంది. ఆ పిల్లను నేనేనని చెప్పబోయాను. అవ్వ నా నోటి మీద చేయి పెట్టింది.

నాగమ్మా అవ్వా చెరో భుజం పట్టి ఆయన్ను నిలబెట్టారు. నేను మోకాళ్ల మీద కూర్చుని కొత్త పురికొసతో మళ్లీ కొలిచాను. రెండు ముడులూ పాత తాడు మీద పడ్డచోటే పడ్డాయి. తర్వాత అవ్వ పైజామా తొడిగింది. రెండు అంచులూ రెండు చీలమండల మీద సమంగా ఆగాయి. చిన్నాయన కిందికి చూసుకుని నవ్వాడు. ఏ టైలరు కుట్టినా రెండు కాళ్లూ ఒకే పొడవు కుట్టేవాడట. ఎడమది ఎప్పుడూ మడిచి వేసుకోవాల్సిందే. "మడిచే పనిల్యాకుండ నాకు కుట్టినదానివి నువ్వొక్కదానివే పాపా" అన్నాడు. ఇంటికి రమ్మంటే మాత్రం, "అన్న పిలిస్తే వస్తామ్మా" అన్నాడు. చావు మంచం మీద కూడా అదే మాట.

అవ్వ అక్కడే ఉండిపోయి, కండక్టరుకు చెప్పి నన్ను నంద్యాల బస్సెక్కించింది. "చిన్నాయనకు బాగల్యా, నువ్వొచ్చి పిలువమంటాండాడు అని చెప్పు. ఆ కల ముచ్చట, కొలత ముచ్చట మాత్రం మీ నాయన కాడ మళ్లా ఎత్తొద్దు, ఎప్పటికీ" అంది. అలాగే చెప్పాను. నాయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తెల్లవారి మొదటి బస్సుకు వెళ్లి తమ్ముణ్ణి తెచ్చాడు. పంచ దాటి, గడప దాటి, రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. డాక్టరు వచ్చి చూసి, పది పన్నెండు రోజుల ముందు చూపించాల్సిందన్నాడు. చిన్నాయన మా ఇంట్లో పదకొండు రోజులు బతికాడు. నాయన సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాడు. అన్నదమ్ములు పాత నాటకాల గురించి కూడా మాట్లాడుకున్నారు. ఏదో అడగాలనుకుని నాయన నోరు తెరవడం, మళ్లీ మూసుకోవడం నేను చూశాను. పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం చిన్నాయన పోయాడు. నీలం గీతల పైజామాతోనే సమాధి చేశాం. ఏడాది తిరక్కుండా అవ్వ కూడా పోయింది.

ఆ తర్వాత నేను చాలా కుట్టాను. పెళ్లయ్యాక కర్నూలులో మిషను కొనుక్కున్నాను. చేత్తో కుట్టే ఓపిక పోయింది, ఆ అవసరమూ పోయింది. ఇప్పుడు మా కోడలికి పైజామా అంటే చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది. మనుషులందరి కాళ్లూ సమానమే అక్కడ. అదీ ఒక సుఖమే, కాదనను. ఎవరి కాలు ఎంత పొట్టిదో ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. ఒక్కటి మాత్రం మారలేదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరైనా ముఖం మీద గుడ్డ కప్పుకుని పడుకుంటే, గురక వినపడేదాకా నేను ఆ గదిలో నిలబడలేను.

నాయన చివరి రోజుల్లో కర్నూలులో నా దగ్గరే ఉన్నాడు. చూపు తగ్గింది, మాట తగ్గలేదు. ఒకరోజు భోజనమయ్యాక, ఏ సందర్భమూ లేకుండా, "పాపా, ఆ పొద్దు నేను శిరివెళ్లకు పోల్యా" అన్నాడు.

ఏ పొద్దు అని నేను అడగలేదు.

"శుక్రవారం నాటకం ఆయనొకడు బడికాడికొచ్చి, నీ తమ్మునికి జరం, ఒక తూరి వచ్చి చూసిపో అని చెప్పె. మీ అవ్వకు చెప్పల్యా. శనివారం ఒక్కన్నే ఆళ్లగడ్డకు పోతి. మధ్యాన్నం చేరితి. తలుపు తీసుండె. ఇంట్లో ఎవురూ లేరు. మంచం ఖాళీగుండె. దుప్పటి తీసి పక్కకేసి, ఇప్పుడే లేసి పోయినట్లుండె. గుమ్మంలో రోంత సేపు నిలబడితి. రోగమని కబురు పంపిచ్చి ఊరు తిరుగుతాండాడు, నన్ను దిగొచ్చేటట్ల చేయనీకి ఇదొక నాటకం అనుకుంటి. మళ్లీ బస్సెక్కి వచ్చేస్తి."

ఆ మంచం మీద మనిషి ఉండి ఉంటే నాయన ఆరోజే ఎత్తుకొచ్చేవాడు. అప్పుడే చూపించాల్సిందని డాక్టరు అన్న రోజులు అవే.

"మంచం మీద పండుకొనుంటే నేను వదిలిపెట్టి వచ్చేటోన్ని కాదు పాపా" అన్నాడు, నా మనసులో మాట విన్నట్టే. "వాన్ని అడగాలనుకుంటి, నోరు రాల్యా. నువ్వూ అవ్వా పోయినప్పుడు ఆ ఇంటామె ఏమన్నా చెప్పెనా? ఆ పొద్దు మధ్యాన్నం వాడు యాడికి పోయినాడంట?"

తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి. చూపు ఆనని కళ్లు నా ముఖం వైపు పెట్టి కూర్చున్నాడు. ఆయనకు ఏ సంగతి తట్టుకోవడం కష్టమో నేను ఒక్క నిమిషంలో తేల్చుకోవాలి. భయపెట్టకూడదనుకున్నాను.

"మందు తెచ్చుకోనీకి పోయినాడంట నాయనా" అన్నాను. "పక్క వీధికే. వెంటనే వచ్చినాడంట."

నాయన తల ఊపాడు. ఊరట పడతాడనుకున్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "పక్క వీధికే అయితే ఎంత సేపు, అర్ధగంట" అన్నాడు. "అర్ధగంట నిలబడలేకపోతి."

తర్వాత ఆయన బతికిన రెండేళ్లూ, మధ్యాహ్నం మంచం మీద వాలేముందు ఆ అర్ధగంట గురించి ఏదో ఒకటి అనేవాడు. ఆ గుమ్మంలో నీడ ఉండెనని, కూర్చోడానికి అరుగు కూడా ఉండెనని. నా అబద్ధాన్ని వెనక్కి తీసుకోవాలని చాలాసార్లు నోరు తెరిచాను. తీసుకుని ఏం చెప్పాలి? నువ్వు ఎంతసేపు నిలబడినా ఆ మంచం మీదికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, ఆ వేళకు నీ తమ్ముడు నీ ఇంటి పంచలో నీ మంచం మీద పడుకుని ఉన్నాడు, నేనే కొలుస్తూ పట్టి ఉంచాను అని చెప్పాలా? చెప్పలేదు. నాయన పోయిన మధ్యాహ్నం కూడా, చివరి మాటగా, ఆ గుమ్మం దగ్గర ఇంకొంచెం సేపు ఉంటానని ఎవరినో బతిమాలుతూ పోయాడు.